ఉల్లిపాయలకు పోయిన మారియో

మా పక్కింట్లో ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. ఐదు మెట్లు. పైన దేవుళ్లు, ఆ కింద దశావతారాలు, మూడో మెట్టు మీద కొండపల్లి అంబారీ ఏనుగూ, తాడిచెట్టెక్కే కల్లుగీతవాడూ. ఈ ఏడు నాలుగో మెట్టు ఖాళీగా ఉంచమని హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. ఆ ఇంటి మేనల్లుడికి పాత వీడియో గేముల పిచ్చి. సూపర్ మారియో బ్రదర్స్ అనే ఆట జపాన్‌లో 1985 సెప్టెంబరు 13న బయటికొచ్చింది. దానికి నలభై ఏళ్లు నిండాక వచ్చిన మొదటి సంక్రాంతి ఇది కాబట్టి ఆ మెట్టు మారియోకి ఇమ్మన్నాడు. అత్తయ్య సరేనంది. కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి, అది టోపీ పెట్టుకున్న మీసాల బొమ్మయితే మాత్రమేం అని ఆవిడ లెక్క.

గొడవ అక్కడ రాలేదు. అల్లుడు తన సరంజామా అంతా పేర్చుకున్నాక మావయ్య అటక మీంచి ఒక అట్టపెట్టె దించాడు. అందులోంచి రంగు వెలిసిన క్యాసెట్ ఒకటి తీసి, పంచె కొంగుతో తుడిచి, ఆ మెట్టు మీదే ఓ చివర పెట్టబోయాడు. అల్లుడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

మావయ్య అంటే ఉయ్యూరులో చాలామందికి టీవీ మెకానిక్. మా ఈడువాళ్లకు మాత్రం ఆయన బస్టాండు పక్క సందులో రెండు పోర్టబుల్ టీవీలు పెట్టి వీడియో గేమ్ షాపు నడిపిన మనిషి. అరగంటకి రెండు రూపాయలు. నేనూ ఆ రెండు రూపాయలు కట్టినవాణ్ణే కనక తీర్పరిగా పనికిరాను. విన్నది విన్నట్టు రాస్తాను, మధ్యలో నోరు జారితే క్షమించండి.

అల్లుడు: అది వద్దు మావయ్యా.

మావయ్య: ఏం, ఇది మారియో కాదా?

అల్లుడు: మారియోనే, కానీ డూప్లికేటు. ఈ మెట్టు మీద ఉన్నవన్నీ కంపెనీవి. ఇది జపాన్‌లో అమ్మిన అసలు క్యాసెట్. ఇది ముప్పై ఏళ్లకి 2015లో తెచ్చిన బొమ్మ. ఇదిగో ఈ పెట్టె ముప్పై అయిదేళ్లకి 2020లో వచ్చిన గేమ్ అండ్ వాచ్. వీటి పక్కన ‘64 ఇన్ 1’ దొంగ క్యాసెట్ పెడితే, దశావతారాల పక్కన పదకొండోది పెట్టినట్టుంటుంది.

మావయ్య: నువ్వు ఆట నేర్చుకున్నది దేంట్లోరా? ఆ జపాన్‌దాంట్లోనా, ఇందులోనా?

అల్లుడు: ఇందులోనే. అంతమాత్రాన దొంగసొమ్ము దొరసొమ్ము అయిపోదు కదా.

మావయ్య: సరే, దొంగతనం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు. ఇవి చాలా అరుదైనవని పొద్దుట్నించీ అందరికీ చెబుతున్నావు. ఆ పెట్టె ఎందుకు అరుదు?

అల్లుడు: 2020 నవంబరు 13న అమ్మకానికొచ్చింది. 2021 మార్చి 31 దాకానే అన్నారు, ఆపేశారు. అమెరికాలో 50 డాలర్లకి మా ఫ్రెండు కొని పంపించాడు. మళ్లీ దొరకదు.

మావయ్య: ఎందుకాపారు? చేతగాకా, ప్లాస్టిక్ దొరక్కా?

అల్లుడు: అబ్బే, కావాలనే. అది వార్షికోత్సవం సరుకు. ఏడాది అయిపోతే అయిపోయినట్టే.

మావయ్య: అయితే దాన్ని అరుదనకు, కొరత అను. మామిడికాయ సీజన్ దాటితే దొరకదు, అది చెట్టు ధర్మం. ఈ లోపల సరుకుంచుకుని షట్టర్ దించేసిన వాణ్ణి మన బజార్లో ఏమంటారో నీకూ తెలుసు. అంతకీ ఎలా ఉంది, ఆడావా?

అల్లుడు: లేదు. విప్పలేదు.

మావయ్య: ఐదేళ్లయింది!

అల్లుడు: విప్పితే విలువ పోతుంది మావయ్యా. నీకు తెలియదు, విప్పని సూపర్ మారియో పెట్టె ఒకటి 2020 జులైలో అమెరికాలో వేలానికొస్తే లక్షా 14 వేల డాలర్లు పలికింది. 2021 ఏప్రిల్లో ఇంకోటి 6 లక్షల 60 వేలు, మన డబ్బుల్లో అప్పటి లెక్కకి దాదాపు ఐదు కోట్లు. ఎవరో క్రిస్మస్ కానుకకని కొని బల్ల సొరుగులో పెట్టి మర్చిపోయారట. అదే ఏడాది ఆగస్టులో మరోటి 20 లక్షల డాలర్లకి పోయింది. పదిహేను కోట్లు!

మావయ్య: ఆ ఆట మొత్తం ఎన్ని అమ్ముడయ్యాయి?

అల్లుడు: ప్రపంచం మొత్తం మీద నాలుగు కోట్ల పైనే. జపాన్‌లోనే 68 లక్షలు.

మావయ్య: నాలుగు కోట్లు అమ్మిన సరుకు అరుదేమిట్రా? అంటే పదిహేను కోట్లు ఆటకిచ్చింది కాదు. ఏ పిల్లాడూ ముట్టుకోనందుకు ఇచ్చారు. మీ అత్తయ్య పెళ్లి పట్టుచీర ముప్పై ఏళ్లు బీరువాలో ఉంటే మడతల మీద చిరిగింది. కట్టినా చిరిగేది, కానీ కట్టిన ముచ్చటైనా మిగిలేది.

అత్తయ్య (వంటింట్లోంచి): నా చీర జోలికి రాకండి.

మావయ్య: గాంధీనగర్లో సినిమా ఆఫీసుల్లో టీవీలు బాగుచేయడానికి వెళ్లేవాణ్ణి. గోడల నిండా శతదినోత్సవం షీల్డులే. అవి దాచుకోవడానికే చేయించినవి కాబట్టి దాక్కున్నాయి. అదే సినిమాకి హాలు బయట చిల్లరకు అమ్మిన పాటల పుస్తకం ఉంటుంది చూడు, పల్చటి న్యూస్‌ప్రింటు. ఇంట్లో పొయ్యి రాజేసుకున్నారు, బఠాణీలు పొట్లం కట్టారు. ఇవాళ ఆ పుస్తకం కోసం తిరిగేవాళ్లున్నారు, షీల్డు కోసం ఎవడూ తిరగడు. ఎవరూ దాచని వస్తువే అరుదవుతుంది.

అల్లుడు: దానికి నేను ఒప్పుకుంటా. కానీ నీ క్యాసెట్లు ఎక్కడపడితే అక్కడ దొరికేవి కదా.

మావయ్య: దొరికేవి. నా దగ్గరే రెండు గోతాలుండేవి.

అల్లుడు: రెండు గోతాలా? ఏవి మావయ్యా?

మావయ్య: ఉల్లిపాయలకు వేశాం.

ఇక్కడ కాసేపు మాటల్లేవు. మన ప్రాంతం కానివాళ్లకు చెప్పాలి: పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ బకెట్లు తీసుకుని ఉల్లిపాయలు తూచి ఇచ్చే బండ్లు ఇప్పటికీ మా వీధుల్లో మైకు పెట్టుకుని తిరుగుతాయి. కంప్యూటర్ సెంటర్లొచ్చి గేమ్ షాపు మూతపడ్డాక, ఇల్లు సున్నాలు వేయించేటప్పుడు ఆ రెండు గోతాలూ బండెక్కాయి. “మూడు కిలోలిచ్చాడు, సగం మెత్తబడిపోయినవే,” అని అత్తయ్య లోపల్నించి అందించింది. అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అల్లుడు: సమురాయ్, మీడియా కంపెనీల గేమ్ మిషన్లు కూడా వేసేశారా?

మావయ్య: అన్నీ. ఇదొక్క మిషనూ, గన్నూ, ఈ క్యాసెట్టూ అటక మీద అట్టపెట్టె వెనక పడిపోయి మిగిలాయి. ఇప్పుడు చెప్పు. మీ అమెరికా వాడు విప్పనిది అరుదన్నాడు, ఎందుకంటే అక్కడ అందరూ విప్పేశారు. మనూళ్లో అందరూ పారేశారు. ఉయ్యూరు లెక్కన ఈ మెట్టు మీద అరుదైంది ఏది?

అల్లుడు: ... ఇదే.

మావయ్య: మరి పెట్టనీ.

అల్లుడు: ఆగు. అరుదైనదీ, పండక్కి తగినదీ ఒకటే కాదు. నువ్వు లెక్కలో గెలిచావు. కానీ వార్షికోత్సవం ఎవరికి? ఆటకి. ఆట ఎవరిది?

మావయ్య: ఆడినవాళ్లది.

అల్లుడు: ముందు చేసినవాళ్లది. ఎవరు చేశారో నీకు తెలుసా?

మావయ్య: తైవాన్ వాళ్లనుకున్నా. బర్మా బజార్లో అట్లాగే చెప్పారు.

చూశారా, పదేళ్లపాటు రోజుకు పది గంటలు ఆ ఆట నడిపిన మనిషి. పినాకిని రైలెక్కి మద్రాసు వెళ్లి, బర్మా బజార్లో బేరమాడి, సంచీ కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చినవాడు. నన్నడిగినా అప్పట్లో అంతే చెప్పేవాణ్ణి.

అల్లుడు: అదీ నా బాధ. కంపెనీ పేరు నింటెండో. క్యోటోలో 1889లో పేకముక్కలు చేయడంతో మొదలైంది. ఈ ఆట గీసింది షిగెరు మియమోటో, తకాషి తెజుకా. పాట కట్టింది కోజి కొండో. అసలు మారియో 1981లోనే డాంకీ కాంగ్ అనే ఆటలో వచ్చాడు, అప్పుడు పేరు కూడా లేదు, ‘జంప్‌మ్యాన్’ అన్నారు. అమెరికాలో నింటెండో గోడౌన్ యజమాని మారియో సెగాలీ పేరు తర్వాత పెట్టారు.

మావయ్య: అద్దె వసూలు చేసేవాడి పేరా? నా షాపు యజమాని పేరు పెట్టి ఉంటే ఒక్కడూ ఆడేవాడు కాదు.

అల్లుడు: నవ్వు నవ్వు. మొదటి స్టేజీ గుర్తుంది కదా? ఆట మొదలవగానే ఎదురుగా పుట్టగొడుగులాంటి బుజ్జి శత్రువు నడుచుకుంటూ వస్తాడు. ఊరుకుంటే చస్తావు. దూకాలని తెలుస్తుంది. దూకినప్పుడు పై ఇటుకకి తల తగిలితే అసలు పుట్టగొడుగు బయటికొస్తుంది. అదీ శత్రువే అనుకుని పారిపోబోతావు. అది అటు వెళ్లి గొట్టానికి కొట్టుకుని వెనక్కి నీ మీదికే వస్తుంది. తప్పించుకోవడం కష్టం. తగులుతుంది, నువ్వు పెద్దవాడివవుతావు. ఒక్క అక్షరం రాయకుండా, జపనీస్ రాని ఇంగ్లీషు రాని ఉయ్యూరు పిల్లాడికి ఇది మంచిది ఇది చెడ్డది అని చెప్పేశాడా లేదా? మియమోటో ఇదంతా కూర్చుని ఆలోచించి పెట్టాడు మావయ్యా. అదంతా 40 కిలోబైట్లలో! నువ్వు వాట్సాప్‌లో పంపే ‘శుభోదయం’ బొమ్మ అంతకంటే పెద్దది. చోటు చాలక పైన మేఘానికీ కింద పొదకీ ఒకటే బొమ్మ వాడారు, రంగు మార్చి.

మావయ్య: ఆ! మేఘమూ పొదా ఒకటేనా? మన రెండో టీవీ బ్లాక్ అండ్ వైట్ కదా, అందులో రెండూ ఒకేలా కనబడేవి. నేను పిక్చర్ ట్యూబు లోపమనుకుని విప్పి కూడా చూశాను.

అల్లుడు: ఇంత పని చేసినవాళ్లకి మనం ఒక్క పైసా ఇచ్చామా? నీ షాపులో పదేళ్లు గల్లాపెట్టె మోగింది. అందులో క్యోటోకి ఎంత పోయింది?

మావయ్య: అసలుది ఉయ్యూరులో ఏ కొట్లో అమ్మారో చెప్పు, ఇచ్చి ఉండేవాణ్ణి. ఆ కంపెనీ మన ఊరి ముఖం చూసిందా? వాళ్లు రాలేదు, వాళ్ల ఆట వచ్చింది. వచ్చిన దారి వంకరే, కాదనను. నేను ఆ దారిలో చివరివాణ్ణి. అయినా నిజం చెప్పాలంటే నాకు డబ్బులు తెచ్చింది మారియో కాదురా, కాంట్రా. దాంట్లో ఇద్దరు ఒకేసారి ఆడొచ్చు, మారియోలో ఒకడు చచ్చేదాకా రెండోవాడు గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలి.

అల్లుడు: మాట మార్చకు. దొరకలేదు కాబట్టి ఆడుకున్నాం, సరే. పన్నెండేళ్ల పిల్లాడిగా నా తప్పు లేదు. నీదీ పెద్ద తప్పు కాదనుకో. ఇవాళ నలభై ఏళ్ల పండగ అని మెట్టు కట్టినప్పుడు కూడా దొంగ ముద్రనే కూర్చోబెడతానంటే ఎట్లా? కొత్త సినిమా దొంగ క్యాసెట్ వచ్చిందని నువ్వే కదా ఆ రోజుల్లో కేబుల్ వాళ్లని తిట్టావు.

మావయ్య: తిట్టాను. (కొంచెం ఆగి) ఒరే, నకలు వేరు, నకిలీ వేరు. ఇక్కణ్ణించి నలభై కిలోమీటర్లు కూడా లేదు బందరు. అక్కడ పనిచేసిన బ్రౌన్ దొర తాటాకు పుస్తకాలకి నకళ్లు రాయించి ఉండకపోతే సగం తెలుగు పద్యాలు చెదలకి పోయేవంటారు. నకలు తీసినవాడే లేకపోతే వస్తువు ఊళ్లకి చేరదు, నిలవదు.

అల్లుడు: నేను చెప్పేదీ అదే. ఆ నకలు రాసినవాళ్లు కవి పేరు ఉంచారు. నీ క్యాసెట్‌లో మొదటి తెర గుర్తు చేసుకో. సూపర్ మారియో బ్రదర్స్ అని పెద్ద పలక ఉంటుంది. అసలుదాంట్లో దాని కిందే ‘1985 నింటెండో’ అని చిన్న లైను ఉంటుంది. నీదాంట్లో ఉందా?

మావయ్య: లేదే. ఖాళీ.

అల్లుడు: చెరిపేశారు. డూప్లికేటు తీసినవాళ్లు ఆటంతా ఉంచి ఆ ఒక్క లైనూ చెరిపేశారు. అందుకే పదేళ్లు నడిపినా నీకు తైవాన్ అని తప్ప తెలియలేదు. పేరుంటే నకలు, పేరు చెరిపితే నకిలీ.

మావయ్య జవాబు చెప్పలేదు. క్యాసెట్ తిప్పి వెనక్కీ ముందుకీ చూశాడు. నాకు తెలిసి ఆయన అన్ని టీవీలు విప్పి, అన్ని బోర్డులు చూసి, లోపం ఎక్కడుందో ఇట్టే చెప్పేసే మనిషి. ఈ లోపం ఆయన కళ్ల ముందే తెర మీద రోజుకు వందసార్లు కనబడింది. ఖాళీగా కనబడింది కాబట్టి కనబడలేదు. ఈ విషయంలో అల్లుడిదే గెలుపని నా అభిప్రాయం. 

మావయ్య: అట్ట మీద కూడా అబద్ధమే. ఇదైతే నయం, 64. ‘9999 ఇన్ 1’ అని వచ్చేవి. లోపల పట్టుమని పాతిక ఉండేవి కావు. అదే ఆట ఒకసారి మూడో స్టేజీ నుంచి, ఒకసారి ఐదో స్టేజీ నుంచి మొదలుపెట్టి వేరే నంబరు ఇచ్చేవాళ్లు. తెలిసే అమ్మాను. విప్పితే లోపల ఒక చిన్న బోర్డూ, దాని మీద నల్ల తారు బొట్టూ, అంతే. పాడైతే బాగుచేయడానికి కూడా ఏమీ ఉండదు.

అల్లుడు: మరింకేం?

మావయ్య: ఇంకా ఉంది. నువ్వు ఇందాక పాట అన్నావు. అది ఫోన్లో పెట్టు, అసలుది.

అల్లుడు: ఇదిగో. దీన్ని 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చారు. ఆ జాబితాలోకి ఎక్కిన మొదటి వీడియో గేమ్ సంగీతం ఇదే.

మావయ్య (చెవి ఒగ్గి విని): ఇది కాదు.

అల్లుడు: ఇదే!

మావయ్య: బాణీ అదే. నడక ఇది కాదు. ఏదో తరుముతున్నట్టుంది. మన షాపులో ఇంత పరుగు లేదు.

అల్లుడు: ... నిజమే మావయ్యా. మొదటిసారి అసలు ఆట కొనుక్కుని హైదరాబాద్‌లో పెట్టినప్పుడు నాకూ అదే అనిపించింది. కుర్రతనం పోయి చేతులు నెమ్మదించాయేమో, అందుకే వేగంగా కనిపిస్తోంది అనుకున్నా.

మావయ్య: నీ చేతులేం కాలేదు. జపాన్ టీవీ తెర సెకనుకి 60 సార్లు గీస్తుంది. మనది ప్యాల్ పద్ధతి, 50 సార్లు. ఈ ఆట పాటనీ పరుగునీ తెర గీసే లెక్కతోనే కొలుచుకుంటుంది. మన టీవీల కోసం చేసిన మిషన్లో పెడితే ఆరు అడుగులు వేయాల్సిన చోట ఐదు వేస్తుంది. శ్రుతి మారదు, లయ దిగుతుంది. అంటే నువ్వు పెరిగిన మారియో నిదానంగా నడిచిన మారియో. ఆ మారియో ఆ అమెరికా జాబితాలో లేడు, ఈ విప్పని పెట్టెలోనూ లేడు. ఇదిగో ఈ తారు బొట్టులోనూ, ఆ మిషన్లోనూ ఉన్నాడు.

నేను ఇన్నేళ్లుగా ఈలగా వేసుకునే పాట తప్పు లయలో ఉందని ఆ పూట తెలిసింది. మార్చుకోబోవడం లేదు.

అల్లుడు: జపాన్‌లోని ఉజీ ఊళ్లో, నింటెండో వాళ్లు పేకముక్కలు చేసిన పాత ఫ్యాక్టరీని బాగుచేసి 2024 అక్టోబరు 2న మ్యూజియం తెరిచారు. వెళ్లాలని నాకెంత ఉందో.

మావయ్య: వెళ్లు, చూసి రా. అంత పని చేసినవాళ్లకి దండం పెట్టి రా, నా తరఫున కూడా పెట్టు. కానీ ఆ మ్యూజియంలో కరెంటు పోతుందా?

అల్లుడు: అదేం ప్రశ్న?

మావయ్య: మన ఆటలో సగం అదే కదరా. ఎనిమిది వరల్డులు, ముప్పై రెండు స్టేజీలు. దాచుకునే సదుపాయం లేదు. ఎండాకాలం కోతలు. ఎనిమిదో వరల్డు కోట దాకా వచ్చి, చుట్టూ పదిమంది ఊపిరి బిగబట్టి చూస్తుండగా టప్‌మని పోయేది. నువ్వు ఏడ్చావు చూడు, మీ అమ్మ వచ్చి నన్ను తిట్టింది. ఆ రాకుమారిని ఎత్తుకుపోయింది రాక్షసుడు కాదు, కరెంటు కోత. వీరమ్మతల్లి తిరునాళ్లకి పదిహేను రోజులూ మిషన్ తీసుకెళ్లి డేరాలో పెట్టేవాణ్ణి, జనరేటర్ ఉంటుందని. మొదటిసారి నీ చేత రాకుమారి దొరికింది అక్కడే. చెరకు సీజను, ఫ్యాక్టరీ నుంచి మొలాసిస్ వాసన డేరా నిండా. అవి ఏ కంపెనీ వార్షికోత్సవం పెట్టెలో పెట్టి అమ్ముతుంది?

అల్లుడు: ఏ కంపెనీ అమ్మదు. కానీ పేరు చెరిపిందీ ఆ క్యాసెట్టే.

మావయ్య: అవును, అదే. నేను కాదనలేదు.

ఇద్దరూ ఎక్కడ ఆగారో అక్కడే ఆగారు. ఇంకాసేపుంటే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేవారే. అత్తయ్య వచ్చి, నాలుగింటికి పేరంటానికి వస్తారు, బొమ్మకి అసలూ నకిలీ ఏంటి, మా అమ్మమ్మ ఇచ్చిన రాముడికి చెయ్యి విరిగితే లక్కతో అతికించి పెట్టుకోలేదా, త్వరగా తేల్చండి అని వెళ్లిపోయింది.

తేల్చింది మావయ్య. అట్టపెట్టెలోంచి మిషన్ బయటికి తీశాడు. అడాప్టర్ వైరు ఎలుకలు కొరికితే అతుకేశాడు. గోడ మీది కొత్త టీవీకి వెనక పసుప్పచ్చ సాకెట్ వెతికి తీగ పెట్టాడు. మావయ్య మనవరాలు ముందు గన్ను అందుకుంది. తెర మీది బాతుల్ని ఎంత కాల్చినా ఒక్కటీ పడలేదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతున్న చోట తెల్ల గడి వెలిగేది. గన్నులో ఉన్న చిన్న కన్ను ఆ వెలుగుని పట్టుకునేది. పాత డబ్బా టీవీ అయితే ఆ క్షణానికే చూపించేది, ఈ పలక టీవీ ఆలోచించుకుని చూపిస్తుంది. “గన్ను పని అయిపోయింది, అది మెట్టు మీద పెట్టండి,” అన్నాడు మావయ్య.

తర్వాత అల్లుడి వైపు చెయ్యి చాపాడు.

మావయ్య: నీ జపాన్ క్యాసెట్ ఇటివ్వు.

అల్లుడు: ఇందులోనా? దీన్ని ఇందులో పెట్టడం...

మావయ్య: దానికెన్ని కాళ్లు?

అల్లుడు: అరవై. అమెరికాదానికైతే డెబ్బై రెండు.

మావయ్య: మనదీ అరవయ్యే. దొంగతనంగా చేసినవాడు కొలత మాత్రం సరిగ్గా తీసుకున్నాడు. మనం క్యాసెట్టంటాం, జపాన్‌లో దీన్నేమంటారు?

అల్లుడు: వాళ్లూ క్యాసెట్టనే అంటారు.

అలవాటు కొద్దీ అల్లుడు దాన్ని నోటి దగ్గరికి తీసుకెళ్లాడు, ఉఫ్ అని ఊదడానికి. మావయ్య చేతి మీద ఒక్కటి వేశాడు. ఉమ్మి తుంపర పడితే కాళ్లు చిలుమెక్కుతాయని షాపులో మాకందరికీ చెప్పేవాడు, ఎవరం వినేవాళ్లం కాదు. దూదికి స్పిరిట్ అద్ది తుడిచాడు. పెట్టి, స్విచ్ వేశాడు.

ఎర్రటి పలక వచ్చింది. దాని కింద, మేమెప్పుడూ చూడని చోట, చిన్న లైను ఉంది. మావయ్య కళ్లజోడు సవరించుకుని, టీవీకి దగ్గరగా వెళ్లి, “పంతొమ్మిది వందల ఎనభై అయిదు... నింటెండో” అని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. అల్లుడు రిమోట్ అందుకుని స్టార్ట్ నొక్కాడు. పాట మొదలైంది. అసలు క్యాసెట్టే, కానీ మన మిషన్లో కదా, ఆరడుగుల చోట ఐదే వేస్తూ, తిరునాళ్ల డేరాలో విన్నట్టే నిదానంగా వచ్చింది. రెండో వరల్డులోనే చచ్చాడు. రిమోట్ నాకిచ్చాడు.

పేరంటానికి వచ్చినవాళ్లు నాలుగో మెట్టు మీద గన్ను చూసి ఇదేం బొమ్మ అని అడిగారు. ‘64 ఇన్ 1’ క్యాసెట్ గన్ను పక్కన ఉంది. దాని వెనక అట్ట మీద అల్లుడు బాల్‌పెన్నుతో మూడు పేర్లు రాశాడు: మియమోటో, తెజుకా, కొండో. గేమ్ అండ్ వాచ్ పెట్టె మాత్రం ఇప్పటికీ విప్పలేదు.

అన్నట్టు, మీ అటక మీద కూడా అట్టపెట్టె ఒకటి ఉండే ఉంటుంది. సమురాయో, మీడియానో, పేరు లేనిదో. ఈ వేసవిలో ఇల్లు సున్నాలు వేయించేటప్పుడు ఉల్లిపాయల బండి కేక వినబడితే, తొందరపడకుండా ఒకసారి దించి చూడండి.